తెరచాపకు ఎద్దుల పగ్గం

దివాకర్ దుబాయి నుంచి తెచ్చుకున్న సామాన్లల్ల ఇప్పటికీ చెడిపోకుంట మిగిలినయి ముచ్చట్లు ఒక్కటే. టార్చిలైటు మొదటి వానకాలంలనే కన్ను మూసింది. కంబళిని ఎలుకలు పంచుకున్నయి. సెంటు సీసను బిడ్డ ప్రవళిక కోరుట్లకు కాపురానికి పోయేటప్పుడు అడగకుంటనే సంచిల వేసుకున్నది. ముచ్చట్లను మాత్రం ఎవ్వరూ పట్కపోలే. రోజూ తీసి, తుడిచి, వాడుతనే ఉంటడు కాబట్టి అవి కొత్తగనే ఉన్నయి.

సిరిసిల్ల అవుతల, మానేరు డ్యాం నీళ్లల్ల ఊరు మునిగినంక కట్టిన కాలనీల వాళ్ల ఇల్లు. అక్కడ గాలికి ఎవరింటి మీద రేకు లేచినా దివాకర్ గేటు కాడ నిలబడి, మా దుబాయిల గిది గాలి కిందికే రాదు అంటడు. ఎవరన్న బట్టలకు దండెం కట్టుకుంటుంటే పోయి ఆ ముడి విప్పి, మళ్ల తనే కట్టి, మా దుబాయిల గట్ల కడితే సాయంత్రానికి ఇంటికి తోలుతరు అంటడు. ముడి మాత్రం గట్టిగనే కడుతడు, ఆ మాట ఒప్పుకోవాలె. ఆ దండేలు ఇప్పటికీ తెగలే.

ఆయన భార్య రాజలక్ష్మి. "మా దుబాయిల" అన్న మాట చెవుల పడంగనే ఆమె చేతిల ఉన్న చేటనో చీపురునో పక్కకు పెట్టి, "అగో, ఓడ అచ్చింది, జరుగున్రి జరుగున్రి" అని వాకిట్ల కోళ్లను అదిలిస్తది. కోళ్లకు గూడ అలవాటైపోయింది. దివాకర్ గొంతు సవరించుకుంటే చాలు, అవి సజ్జ కిందికి పోతయి.

నిజం చెప్పాలంటే ఆయన చెప్పేటియి ఉత్త కోతలేం కావు. గార పనికని పోయిన కంపెనీ మూతబడితే, సముద్రం ఒడ్డున పడవల క్లబ్బుల ఊడ్చే పని దొరికింది. ఊడ్చుకుంట ఊడ్చుకుంటనే పడవలకు తెరచాపలు కట్టుడు నేర్చుకున్నడు. పొద్దున దొరలు వచ్చేసరికి నడిమి కట్టెకు పెద్ద తెరచాప ఎక్కియ్యాలె. పొద్దుగూకంగ దించి, ఉప్పు పోయేటట్టు మంచినీళ్లతోని కడిగి, మడతలు పెట్టాలె. దాన్ని మెయిన్ సెయిల్ అంటరు. దాని తాళ్లల్ల ఏది బిర్రుగ ఉండాలె, ఏది వదులుగ ఉండాలె అన్నది ఆయన వేళ్లకు తెలుసు. కాకపోతే ఎక్కించుడు, దించుడు ఆయన పని. తోలుడు దొరల పని. ఎప్పుడన్న గాలి ఎక్కువ ఉన్ననాడు, పడవ ఒరగకుంట బరువుకని ఆయనను గూడ కూసోబెట్టుకొని పోయెటోళ్లు. ఈ బరువు ముచ్చట మాత్రం ఆయన కాలనీల ఎవ్వరికీ చెప్పలే. చెప్పని ముచ్చట ఇంకోటి గూడ ఉంది.

అది కొలువుల చేరిన మొదట్ల సంగతి. పడవల నుంచి దొర, షీటు తెమ్మని కేకేసిండు. దుబాయి పోకముందు దివాకర్ సిరిసిల్లల సాంచెల మీద పని చేసినోడు. ఆ మరమగ్గాల చప్పుడుల పెరిగినోనికి షీటంటే ఒక్కటే తెలుసు. ఉరికిపోయి తన రూముల మంచం మీది దుప్పటి గుంజుకొచ్చి, మర్యాదగ రెండు చేతులతోని దొరకు ఇచ్చిండు. పడవల భాషల షీటంటే గుడ్డ కాదు, తాడు. తెరచాప కింది అడ్డకట్టె కొసకు కట్టి, చేతిల పట్టుకునే తాడు. గాలికి తెరచాప ఎంత తెరుచుకోవాలె, ఎంత మూసుకోవాలె అన్నది దాంతోనే. ఆ దినం క్లబ్బు అంతా నవ్వింది. దొర మాత్రం ఆ దుప్పటిని పారెయ్యకుంట మెడకు చుట్టుకొని, థాంక్స్ చెప్పి, సాయంత్రం ఉతికిచ్చి పంపిండు. మంచోడే పాపం.

ఇగ అసలు కథకు వస్తే, వాళ్ల ఊరు మునిగినా ఊరి పోచమ్మ మునగలే. ఆమె ఉన్న గుట్ట చుట్టూ నీళ్లు వచ్చి ఆగినయి. అందుకని యేటా శ్రావణమాసంల కాలనీ ఆడోళ్లు బోనాలు పట్టుకొని పడవల మీద పోతరు. చేపలు పట్టే నరేశ్ ఇంజను పడవల అందరినీ దాటిస్తడు. ఈసారి ఆ ఇంజను పాడై బాగుచేతకు జగిత్యాల పోయింది, మళ్ల రాలే. తెడ్లేసుకుంటనన్న అందరినీ చేరుస్త, ఫికరు చెయ్యకున్రి అని నరేశ్ మాటిచ్చిండు. కాలనీల అందరికన్న పెద్ద మనిషి దుర్గవ్వ, నీ రెక్కలు సల్లగుండ అని దీవించింది. మాట అక్కడ అయిపోయేదే.

"ఇంజను లేకుంటేంది, గాలి లేదా?" అన్నడు దివాకర్. "నరేశ్ పాత పడవ ఖాళీగనే ఉంది గద. తెరచాప కట్టుకొని పోవచ్చు. మా దుబాయిల..."

రాజలక్ష్మి అప్పుడు కోళ్లను అదిలించలే. చీర కొంగు నడుముల దోపుకొని, అందరి ముందట మొగని దిక్కు తిరిగింది.

"సరే. నా బోనం నీ పడవల్నే వస్తది. దీపం కొండెక్కకుంట గుట్ట కాడికి చేర్చినవనుకో, బతికినన్ని దినాలు నీ దుబాయి ముచ్చట్లకు ఊ కొడుత. నడుమల కొండెక్కిందనుకో, ఇగ ఆ మాట ఇంట్ల ఇనబడొద్దు. దుబాయిల దు గూడ అనద్దు."

దీపం ఆరిందనే మాట ఆమె నోటెంట రానియ్యదు. దేవుని దీపమైనా, కరెంటు పోయిననాటి చిమ్నీ అయినా, పోతే కొండెక్కింది అంటది. వాళ్ల రుద్రంగిల తల్లిగారింట్ల నేర్చిన మాట అది.

అందరు నవ్విన్రు. దుర్గవ్వ తీర్పు చెప్తనని ముందటికొచ్చింది. దివాకర్ గూడ నవ్విండు గని, ఇంటికొచ్చి అన్నం ముందు కూసున్నంక నవ్వు ఆగింది. వయసున్నన్ని దినాలు ఆ సముద్రం ఒడ్డునే గడిచినయి. బిడ్డ నడక నేర్చింది చూడలే. భార్య ఒక్కతే నాగలి పట్టి ఎద్దులను తోలింది చూడలే. ఆ దినాలకు ఆయన చేతిల ఉన్న సాక్ష్యం ముచ్చట్లే. అవి గూడ నోట్లెకెళ్లి తీసేస్తే, అన్ని దినాలు యాడ ఉన్నవయ్యా అని ఎవరన్న అడిగితే ఏం చెప్తడు? రాజలక్ష్మి ఆయన దిక్కు చూసి, ఇంకో గంటె పప్పు వేసింది.

తెల్లారి నుంచి దివాకర్ చేతులు ఊకోలే. కోరుట్లల అల్లుడు మంచి గట్టి వెదురు బొంగులు రెండు చూసి లారీ మీద పంపిండు. లావుది పడవ నడుమ నిలబెట్టి, దండేల తీగెతోని మూడు దిక్కుల గుంజి కట్టిండు. సన్నది అడ్డకట్టె. నిలువు బొంగు కొసకు బాయి గిరక బిగించిండు, తెరచాపను పైకి గుంజే తాడు దాంట్ల నుంచి పోవాలె. తెరచాప ముందటి అంచు బొంగును పట్టుకొని పైకి కిందికి జారాలె కాబట్టి సైకిలు ట్యూబును ఉంగరాలు ఉంగరాలుగ కోసిండు. ఇగ పక్కగాలికి పడవ అడ్డంగ కొట్టుకపోకుంట పక్కన నీళ్లల్లకు దింపే పలక కావాలె. ఆయన కండ్లు దొడ్లె గోడకు ఆనిచ్చిన పాత తలుపు రెక్క మీద పడ్డయి. మునిగిపోయిన ఇంటిది అది.

"ఇల్లు మునిగినా గా తలుపును మునగనియ్యలే నేను. నువ్వు ముంచుతనంటవా?" అన్నది రాజలక్ష్మి.

అనుడైతే అన్నది గని, తనే ఒక కొస పట్టుకొని పడవ దాక మోసింది.

తెరచాప బట్టకు దివాకర్ సిరిసిల్లల సామేలుకు ఫోన్ చేసిండు. వాళ్లిద్దరు ఒకప్పుడు ఒక్క సాంచెల షెడ్డుల పని చేసినోళ్లు. ఇప్పుడు సామేలు తన షెడ్డు తనే పెట్టుకున్నడు. తెరచాప అంటే సాపుగ ఉండే గుడ్డ కాదని దివాకర్ చెప్పిండు. ముక్కలు ముక్కలుగ వంపు కత్తిరించి కుట్టాలె, గాలి సొచ్చినప్పుడు నడుమ పూరీ పొంగినట్టు పొంగాలె. సామేలు భార్య జాకెట్లు కుడుతది, వంపుల సంగతి ఆమెకు చెప్పేపని లేదు. ఇంత వివరంగ చెప్పినోడు ఆఖర్న మాత్రం, దొర గొంతు పెట్టి, "మెయిన్ సెయిల్ ఒకటి, దానికి మెయిన్ షీటు ఒకటి, బలంగ ఉండాలె" అని ఫోన్ పెట్టేసిండు.

బస్సుల మూట దిగింది. తెరచాప కొలత తప్పకుంట, అంచులకు డబుల్ కుట్టుతోని, ముద్దొచ్చేటట్టు ఉంది. దాని కింద మడతపెట్టిన గులాబి పూల దుప్పటి ఒకటి ఉంది. డబుల్ కాట్ సైజు. దివాకర్ ఫోన్ చేసి ఇదేందిరా అంటే, మెయిన్ అన్నవు గదనే, పెద్ద మంచానిదే ఏసిన, దిండు గలీబులు రెండు నా దిక్కెళ్లి ఫిరీ అన్నడు సామేలు. దివాకర్ పకపక నవ్వి, షీటంటే తాడని గూడ తెల్వదురా నీకు, మా దుబాయిల చిన్న పోరలకు గూడ తెలుస్తది అన్నడు. అంటుంటే చెవుల కొసలు వేడెక్కినయి. ఆ వేడి ఎందుకో ఆయనకు, మనకు, ఆ దొరకు తెలుసు.

బోనాలు రేపు తెల్లారే. బలమైన తాడు కోసం మళ్ల సిరిసిల్ల పోయే టైము లేదు. రాజలక్ష్మి లోపటికి పోయి, దూలానికి వేలాడుతున్న ఎద్దుల పగ్గం తెచ్చి ఆయన ముందట పెట్టింది. ఎద్దులను అమ్మినా పగ్గం అమ్మలే ఆమె. చేతులకు రాసుకొని రాసుకొని అది నున్నగ అయింది.

"గిది పనికొస్తదా నీ ఓడకు?"

దివాకర్ గుంజి చూసిండు. వంకపెట్టనీకి ఏం దొరకలే. "షీటుకు పనికొస్తది" అన్నడు పెద్దమనిషి తీరుగ. పగ్గం అనరాదా అన్నదామె. పడవ ఎక్కినంక పడవ మాటలే మాట్లాడాలె, నిలువు బొంగు మాస్టు, అడ్డకట్టె బూము, ఇగ షీటు అని ఆయన పాఠం మొదలుపెట్టిండు. ఆమె అట్లనే అట్లనే అని సగం ఇనుకుంట బోనం కుండకు సున్నం పూసుకున్నది.

బోనాలనాడు పడమటి గాలి తీరుగ వీసింది. గుట్ట ఉత్తరం దిక్కు ఉంటది కాబట్టి గాలి పక్క నుంచి తగులుతది. పోయేటప్పుడు ఎట్లనో వచ్చేటప్పుడు గూడ అట్లనే. దివాకర్ గిరక తాడు గుంజంగనే తెరచాప ఒక్కో ఉంగరం జారుకుంట పైకి లేచింది. ఒడ్డు మీదోళ్లు మాట్లాడుడు ఆపిన్రు. అది ముందుగాల పటపట కొట్టుకున్నది, మళ్ల పగ్గం బిగియ్యంగనే నిండుగ పొంగి ఊకున్నది. దుర్గవ్వ చెయ్యెత్తి మొక్కింది, తెరచాపకో పోచమ్మకో తెలువది.

పడవ దిక్కు తిప్పే తెడ్డుకు రెండు చేతులు కావాలె కాబట్టి దివాకర్ వెనుక కూసున్నడు. రాజలక్ష్మి నడుమ కూసున్నది. ముందట బోనం, పసుపన్నం కుండ, వేపరెమ్మలు, మీద దీపం. కుండ జరగకుంట కింద సామేలు పంపిన గులాబి దుప్పటి మడతేసి, దాని అంచును ఎడమ చేత గట్టిగ పట్టుకున్నది. కుడి చేతిల తెరచాప పగ్గం. నరేశ్ మిగతా ఆడోళ్లను ఎక్కించుకొని తెడ్లేసుకుంట వెనుక బయలెల్లిండు. ఆయన పడవల ఒక పొడుగు తాడు, గాలి నింపిన లారీ ట్యూబు ఉన్నయి. ఎందుకని దుర్గవ్వ అడిగితే, ఊకనే అన్నడు.

సగం దాక దొరల పడవ పోయినట్టే పోయింది. నీళ్లు పక్కల పొంటి గుసగుస పెట్టినయి. దివాకర్ గుండె ఎంత పొంగిందంటే, తెరచాప గూడ అంత పొంగలే. రాజలక్ష్మి వెనుకకు చూడకుంటనే, "మంచిగనే పోతంది గద" అన్నది. ఆ మాట ఆమె నోటి నుంచి ఎన్నడు విననోడు, ఇంకొకపారి వినాలని ముందటికి వంగిండు. వంగంగ పడమర దిక్కు నీళ్లు నల్లగ ముడుచుకుంట వచ్చేది చూడలే.

ఆ గాలి విసురు వచ్చి తెరచాపను కొట్టింది. పడవ ఒక పక్కకు ఒరిగింది. నీళ్లు అంచు మీదెక్కి లోపలికి చూసినయి. ఇప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే, తాడు వదిలి తెరచాపల గాలి పోనియ్యాలె.

"షీటు ఇడువు" అని అరిచిండు దివాకర్.

రాజలక్ష్మి చెప్పినమాట విన్నది. ఎడమ చేతిల ఉన్న షీటును ఇడిసింది. గులాబి పూల దుప్పటి వదులై, బోనం కుండ ఒరిగిన దిక్కు జారవట్టింది. కుడి చేతిల పగ్గాన్ని మాత్రం ఇంకింత బిర్రుగ పట్టుకున్నది.

"షీటు, షీటు ఇడువుమంటున్న."

"ఇడిసిన గదయ్యా. ఇంకేడిది?" అన్నదామె, మోకాలితోని కుండను ఆపుకుంట.

దివాకర్ నోట్లెకెళ్లి పడవ మాటలన్నీ ఎగిరిపోయినయి. మాస్టు పోయింది, బూము పోయింది. మిగిలిన మాట ఒక్కటే బయటికొచ్చింది.

"పగ్గం, లచ్చీ. పగ్గం ఇడువు."

పగ్గమనంగనే ఆమె చెయ్యికి ఎవరూ ఏం చెప్పాల్సిన పనిలేకపోయింది. బెదిరిన ఎద్దుకు పగ్గం ఒక్కసారే ఇడవరు, తెగేటట్టు పట్టుకోరు. వేళ్లల్లకెళ్లి సర్రున జారనిచ్చి, ఎక్కడ చాలో అక్కడ ఆపింది. తెరచాప గాలి ఇడిచి పటపటమన్నది. పడవ లేచి నిలబడ్డది. విసురు పోయినంక, ఎద్దు మొఖం మళ్ల చాలు దిక్కు తిప్పినట్టు, మెల్లగ పగ్గం గుంజుకున్నది. ఇగ అక్కడినుంచి దివాకర్ తెడ్డు మాత్రమే పట్టిండు. పడవను తోలింది ఆమె.

కుండ పడలే, అన్నం ఒలకలే. కాని ఒక నీటిచుక్క దీపం మీద పడ్డది. వత్తి కొసన సన్నటి పొగ. ఇద్దరూ చూసిన్రు. నరేశ్ పడవ చానా వెనుక ఉంది.

దివాకర్ తల దించుకున్నడు. గుట్ట దగ్గరికొచ్చేసింది. ఆడోళ్లందరి ముందట దుర్గవ్వ తీర్పు చెప్పుడు, ఇంటికి పోయినంక నోరు కట్టేసుకొని కూసునుడు, అన్నీ కండ్లల్ల కనబడ్డయి.

రాజలక్ష్మి పగ్గాన్ని కాలి కింద తొక్కిపట్టి, రెండు చేతులతోని చెంపలేసుకున్నది. తప్పాయె తల్లీ అని గుట్ట దిక్కు చూసి చానాసేపు ఏందో చెప్పుకున్నది. తర్వాత నడుము కాడ చీర రొండిల నుంచి అగ్గిపెట్టె తీసింది. గాలికి పుల్ల నిలబడలే. ఎవ్వరూ చెప్పకుంటనే దివాకర్ ముందటికి జరిగి, గులాబి దుప్పటిని రెండు చేతుల విప్పి గాలికి అడ్డం పట్టిండు. ఆ చాటున దీపం మళ్ల వెలిగింది.

"మంచి షీటు పంపిండు సామేలు" అన్నది రాజలక్ష్మి. 

గుట్ట ఎక్కి, బోనం నెత్తిన పెట్టుకొని పోచమ్మ ముందట నిలబడ్డది. వెనుకొచ్చిన పడవల నుంచి ఆడోళ్లు దిగిన్రు. దుర్గవ్వ ఆయాసపడుకుంట వచ్చి, నెత్తి మీది దీపం దిక్కు కండ్లు చిట్లించి చూసింది.

"ఏం బిడ్డా, దీపం కొండెక్కలేదు గద?"

దివాకర్ గుండె గిరకల తాడు ఇరుక్కున్నట్టు ఆగింది. అమ్మవారి ముందట నిలబడి రాజలక్ష్మి అబద్ధం చెప్పదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, గుట్టకు తెలుసు.

"కొండెక్కింది అవ్వా" అన్నది ఆమె నిమ్మళంగ. "సూడు, గుట్ట మీదికెక్కి నీ కండ్ల ముందట్నే నిలబడ్డది."

ఆడోళ్లు విరగబడి నవ్విన్రు. పోరివి మాటల్ల ఎవ్వరికి దొరకవు అని దుర్గవ్వ ఆమె గదుమ పట్టుకొని ఊపి, దివాకర్ గెలిచిండని తీర్పు చెప్పింది. నరేశ్ మాత్రం గడ్డం గోక్కుంట నీళ్ల దిక్కు చూసిండు. ఆయన ఏం చూసిండో, ఎంత చూసిండో ఇప్పటి దాక ఎవ్వరికీ చెప్పలే.

ఆ దినం నుంచి పందెం ప్రకారం రాజలక్ష్మి కోళ్లను అదిలిస్తలేదు. ఎవరన్న వచ్చి కూసున్నప్పుడు దివాకర్ మొదలుపెడితే శ్రద్ధగ ఊ కొడుతది. కాకపోతే ముచ్చట కొంచెం ఎత్తుకు పోంగనే, ఏం ఎరుగనట్టు రొండిల నుంచి అగ్గిపెట్టె తీసి చెవి కాడ ఆడిస్తది. లోపల పుల్లలు గలగలమంటయి. దాంతోని దివాకర్, "మా దుబాయిల గాలి గిట్లుండదు... అంటే, గిట్లనే ఉంటది" అని దిగి వస్తడు. వచ్చినోళ్లకు అర్థంగాదు. ఆమె ఊ కొడుతనే ఉంటది.

మొన్న ముసురు పట్టిన సాయంత్రం, ఇంట్ల ఇద్దరే ఉన్నప్పుడు, గులాబి దుప్పటి కప్పుకొని కూసున్న దివాకర్ దాని అంచును వేళ్లతోని సాపు చేసుకుంట, "మా దుబాయిల మొదట్ల" అన్నడు. రాజలక్ష్మి చెయ్యి రొండి దిక్కు పోయింది. ఆయన ఆగలే. దొర కేకేసుడు, తను రూముకు ఉరుకుడు, మంచం మీది దుప్పటి గుంజుకొని పోయి రెండు చేతులతోని ఇచ్చుడు, క్లబ్బంతా నవ్వుడు, అన్నీ చెప్పేసిండు. రొండి కాడికి పోయిన చెయ్యి అక్కడ్నే ఆగింది. అగ్గిపెట్టె మోగలే.

రాజలక్ష్మి చానాసేపు నవ్వాపుకున్నది. తర్వాత అడిగింది:

"మరి దిండు గలీబులు గూడ పట్కపోయినవా?"